పది సీసీలు, 32 సెకన్లు

నేను ఒక పాలిటెక్నిక్ థర్మల్ ల్యాబ్‌లో ఉండే డీజిల్ ఇంజన్‌ని. ఒకటే సిలిండరు, 5 హార్స్‌పవర్, నిమిషానికి 1500 చుట్లు. నా తోడబుట్టినవాటిలో కొన్ని బావిగట్ల మీద నీళ్లు తోడాయి, కొన్ని పిండిమరల్లో జొన్నలు విసిరాయి. నేను ఎంత తాగి ఎంత పనిచేస్తానో పిల్లలు లెక్కగట్టడానికి నన్ను ఇక్కడ కాంక్రీటు దిమ్మె మీద బోల్టులతో బిగించారు.

ప్రాక్టికల్స్ రోజున ఒకరు డీకంప్రెషన్ లివరు ఎత్తి పట్టుకుంటే ఇంకొకరు హ్యాండిల్ తిప్పుతారు. ఊపు అందగానే లివరు వదిలేస్తారు. నా డ్రమ్ము చుట్టూ తాడు, ఒక కొసన తూకం బిళ్లలు, రెండో కొసన స్ప్రింగు తక్కెడ. తాడు రాపిడికి డ్రమ్ము కాలిపోతుంటే లోపలి అంచులో నీళ్లు పోస్తూ ఉండాలి. పోయడం మరిచారంటే ల్యాబంతా కమురు వాసన. లోడు కుదిరాక ట్యాంకు కాక్ మూస్తారు. ఇక నేను తాగేదంతా గోడకున్న గాజు బ్యూరెట్‌లోంచే. ఒక పిల్లో పిల్లాడో గీతకు సరిగ్గా కన్ను ఆనించి, స్టాప్‌వాచ్ నొక్కి, ఊపిరి బిగబట్టి చూస్తారు. ఆ కాసేపు నన్ను అంత శ్రద్ధగా చూసేవాళ్లు లోకంలో ఇంకెవరూ ఉండరు.

నిండు లోడు మీద పది సీసీలు 32 సెకన్లలో తాగుతాను. అంటే గంటకు 1,125 సీసీలు. డీజిల్ సాంద్రత 0.83 కాబట్టి బరువు 934 గ్రాములు. తాడు మీద నికరంగా పడే బరువు 12 కిలోలు, డ్రమ్ము నడుమ నుంచి తాడుకు దూరం 20 సెంటీమీటర్లు. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. గొడవంతా హార్స్‌పవర్ కట్టే సూత్రంలోని హారం దగ్గరే.

నాకు మొదట నేర్పిన పెద్ద మాస్టారు బ్రిటిష్ కొలతల్లో చదువుకున్నాయన. ఆయన లెక్కలో హారం 33,000. నిమిషంలో 33,000 పౌన్ల బరువును అడుగెత్తు లేపితే ఒక హార్స్‌పవర్ అని జేమ్స్ వాట్ కట్టిన లెక్క అది. నేను వచ్చేనాటి రికార్డు పుస్తకంలో హారం 4,500. సెకనుకు 75 కిలోలను మీటరెత్తు లేపితే ఒక హార్స్‌పవర్, నిమిషానికి అరవై సెకన్లు, 75 అరవైలు 4,500. ఇప్పటి పుస్తకంలో హారం 60,000, జవాబు కిలోవాట్లలో వస్తుంది. వాట్ గుర్రం 745.7 వాట్లు, మెట్రిక్ గుర్రం 735.5. పేరు ఒకటే అయినా రెండు గుర్రాలూ సరిసమానం కావు.

అందుకే అదే తాడు, అదే చెమట అయినా మూడు రాతలు. గంటసేపు ఒక హార్స్‌పవర్ పనికి 0.415 పౌను అని పెద్ద మాస్టారు రాసేవారు. మెట్రిక్ హార్స్‌పవర్‌కైతే 186 గ్రాములు. కిలోవాట్-గంటకు 253 గ్రాములు. పౌను 453.59 గ్రాములు, దాన్ని 0.7457తో భాగిస్తే 608.28. పౌన్ల లెక్కను ఆ అంకెతో గుణిస్తే నేరుగా గ్రాములూ కిలోవాట్లలోకి వస్తుంది. మాస్టారు దాన్ని నా వెనక గోడ మీద తెల్ల పెయింటుతో రాయించారు. రెండుసార్లు సున్నం వేసినా ఇంకా కనిపిస్తూనే ఉంది.

ఒక ఏడాది ఒకమ్మాయి రికార్డులో నా పేర కిలోవాట్-గంటకు 137 గ్రాములని రాసింది. 186ను 0.7355తో భాగించాల్సింది పోయి గుణించేసింది. ఆ లెక్కన నా సామర్థ్యం 61 శాతం! నాకు గుండె ఝల్లుమంది. మహాసముద్రాల మీద తిరిగే ఓడల్లోని పెద్ద పెద్ద ఇంజన్లే యాభై శాతం దగ్గర ఆగిపోతాయి. నాది ముప్పై మూడు. నాకు లేని గొప్పను నా నెత్తిన పెడితే అది నాకు మర్యాద కాదు.

ల్యాబ్ అటెండరు ఆ పేజీ చూశాడు. "తల్లీ, కిలోవాట్ పెద్దదా, హార్స్‌పవర్ పెద్దదా?"

"కిలోవాటే బాబాయ్."

"మరి మానెడు బియ్యం కంటే కుంచెడు బియ్యం చవకగా వస్తాయా?"

ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, తలమీద చెయ్యి పెట్టుకుని, అడ్డగీత కొట్టి 253 అని దిద్దింది. ఆ తర్వాత ఏ బ్యాచ్ వచ్చినా అటెండరు మొదట కుంచం, మానిక గురించే అడిగేవాడు. ఫార్ములా మరిచినా ఆ ప్రశ్న మరవరు. నాకు తెలిసిన మంచి పాఠాల్లో అదొకటి.

మా జాతి మూలపురుషుడికీ ఇలాంటి పరీక్షే జరిగింది. 1897 ఫిబ్రవరిలో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ ఇంజన్‌ను ప్రొఫెసర్ ష్రోటర్ పరీక్షించాడు. మెట్రిక్ హార్స్‌పవర్-గంటకు 238 గ్రాములు. నేటి లెక్కలో 324, సామర్థ్యం 26.2 శాతం. అప్పటి ఆవిరి యంత్రాల పక్కన అదెంతో గొప్ప.

నా రికార్డులో తప్పు పడితే ఎర్ర ఇంకుతో పోతుంది. 1983 జులై 23న కెనడాలో అలా పోలేదు. కొత్త బోయింగ్ 767లో ఇంధనం కొలిచినవాళ్లు లీటరుకు 1.77 అన్న అంకె వాడారు. అది పౌన్ల అంకె, వాళ్లకు కావాల్సింది కిలోలు. కావాల్సినదాంట్లో సగం కూడా లేకుండా విమానం ఎగిరింది, దారి మధ్యలో ఇంజన్లు ఆగిపోయాయి. గిమ్లీ అనే ఊళ్లో పాత రన్‌వే మీదికి గాల్లో జారుకుంటూ దిగింది. 69 మందీ బతికారు. ఈ సంగతి మాస్టారు చెప్పిన రోజున ల్యాబ్‌లో నా చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

ఇప్పుడు నాకు వయసు మీద పడింది. పది సీసీలు 30 సెకన్లకే అయిపోతున్నాయి. కిలోవాట్-గంటకు 269 గ్రాములు, మెట్రిక్ హార్స్‌పవర్-గంటకు 198, మాస్టారి లెక్కలో 0.44 పౌను. మూడు కొలతలూ ఒకటే మాట చెబుతున్నాయి. పిస్టన్ రింగులు అరిగాయి. ఈ సెలవుల్లో మార్పించండి.