అద్దాభ్యుదయము

కావ్యమన్నాక ముందు ఇష్టదేవతాస్తుతి ఉండాలి. పాలసముద్రం మీద పవళించే స్వామిని పిలుద్దామంటే మాకు మొహమాటం. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పండగ చేసుకునే అనంతపురం సీమలో ఆయనకు పడక ఎక్కడ వేయాలి? అందుకని బోరుబావి గర్భాన పుట్టి, మోటారు మోతతో పైకెగసి, ప్లాస్టిక్ బకెట్‌లో కొలువుదీరి, చెంబులోకి అవతరించిన గంగమ్మకే మొక్కుతున్నాం.

కుకవినింద కూడా ఆనవాయితీయే. సీటు కింది మసిగుడ్డ లాగి, దుమ్ము పట్టిన అద్దాన్ని పొడిగా పరపరా రుద్దేవాళ్ళే మా కుకవులు. వాళ్ళ సంగతి యుద్ధఘట్టంలో తేలుతుంది.

ఇక పురవర్ణన. అది పినాకినీతీర సైకతస్థల విరాజమానంబు, మల్బరీవన శ్యామలంబు, చెనిక్కాయపొట్టు పరాగ ధూసరితంబు, ట్రాక్టర్ చక్రోద్ధూత రక్తమృత్తికా రజఃపటల పిహిత దిగంతంబు నగు రొద్దమను పురంబు. ఇంత సమాసానికీ అర్థం ఒకటే: దుమ్ము. నందికొండల్లో పుట్టి ఇటుగా వచ్చే పెన్న ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకగానే పారుతుంది. గాలి లేచిందంటే ఆ ఇసుకలో మెత్తనిదంతా ఊళ్ళోకి వస్తుంది. పెద్దమనిషి మీసమనీ, హోటల్లో ఆరబెట్టిన గ్లాసనీ చూడకుండా అన్నిటి మీదా సమంగా వాలుతుంది. మా కథానాయిక మీద మాత్రం ఒక చెయ్యి ఎక్కువే.

నాయిక అంటే బాడుగ కారు ముందద్దం. కారు పుట్టినిల్లు ఎంతో దూరం లేదు, పెనుకొండ పక్కనున్న ఎర్రమంచి. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిపోయాక విజయనగర ప్రభువులు రాజధానిని మార్చుకున్నది ఆ పెనుకొండకే. ఏనుగులు తిరిగిన ఆ సీమలో 2019 ఆగస్టు 8న కియా మొదటి సెల్టోస్ బయటికి వచ్చింది. ఆ కర్మాగారం కార్లు కొన్ని ఓడలెక్కి దేశాలు పట్టిపోతాయి. మన నాయిక మాత్రం పుట్టింటికి కూతవేటు దూరంలో, రొద్దం బస్టాండు దగ్గర వేపచెట్టు కింద కాపురం పెట్టింది.

ఆమె సౌందర్యాన్ని పాదాది కేశపర్యంతం వర్ణించడం కవి ధర్మం. ఆమె ఒంటిపొర మనిషి కాదు. రెండు గాజుపలకల నడుమ పలుచటి ప్లాస్టిక్ పొరను గుండెల్లో దాచుకున్న గంభీర. రాయి తగిలితే బీటలిస్తుందే గాని విడిపోదు. పక్కతలుపుల అద్దాలు అలా కాదు, దెబ్బ తగిలితే ఒక్కసారిగా పటికబెల్లం ముక్కలై రాలతాయి. చుట్టూ ఉన్న నల్లంచు చూశారా? లోపలికి పోయేకొద్దీ చుక్కలు చుక్కలుగా సన్నగిల్లుతుంది. అది అలంకారమే అనుకుంటాం గాని, అద్దాన్ని బాడీకి అతికించిన జిగురు ఎండకు పాడవకుండా కాచే కాపలాదారు అదే. నుదుటన ఫాస్టాగ్ తిలకం, దాని కింద నిమ్మకాయా మిరపకాయల హారం. మేలిముసుగు మాత్రం నిషిద్ధం. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిలిం కుదరదని తేల్చి చెప్పింది. ముందూ వెనకా అద్దాల్లోంచి 70 శాతం, పక్కవాటిలోంచి 50 శాతం వెలుతురు లోపలికి రావాల్సిందే.

ఇంతటి లావణ్యవతిని శత్రువులు ఊరికే వదులుతారా? పగలు దుమ్ము, సాయంత్రం హైబీముకు ఎదురొచ్చి ప్రాణాలిచ్చే ఉసిళ్ళు, తెల్లవారుజామున వేపకొమ్మ మీంచి కాకులు విసిరే తెల్లని అస్త్రాలు. నూరు కిలోమీటర్ల వేగంతో పోతే గాలికి దుమ్మంతా ఎగిరిపోదా అని అడిగేవాళ్ళున్నారు. ఎగరదు. వస్తువును అంటిపెట్టుకుని ఒక పలుచటి గాలిపొర ఉంటుంది. అందులో లోపలికి పోయేకొద్దీ గాలి నెమ్మదించి, అద్దాన్ని తాకే చోట కదలకుండా నిలబడిపోతుంది. మెత్తటి దుమ్ము ఆ నీడలో దాక్కుని, తుఫానును చూసి నవ్వుతుంది. ఆ పొరలో నునుపుగా సాగే ప్రవాహం అల్లకల్లోలంగా ఎలా మారుతుందో జీవితమంతా శోధించి, 2013లో పద్మవిభూషణ్ అందుకున్న శాస్త్రవేత్త పేరు రొద్దం నరసింహ. ఈ ఊరిని ఇంటిపేరుగా మోసినాయనే ఈ ఊరి దుమ్ము మొండితనానికి పనికొచ్చే శాస్త్రం చదివాడంటే, కావ్యానికి ఇంతకంటే సాక్ష్యం ఎందుకు?

యుద్ధం తెల్లవారే మొదలైంది. డ్రైవరు ఇంకా పళ్ళు తోముకుంటున్నాడు. తండ్రికి సాయం చేద్దామన్న వీరావేశంతో కొడుకు మసిగుడ్డ ధరించి, బానెట్ మీదికి వంగి, అద్దంపై మొదటి వేటు వేయబోయాడు.

“రేయ్! నీళ్ళు పోయకుండా తుడుస్తావేమిరా!”

“దుమ్మే కదా నాయినా!”

దుమ్మే గాని, అది పెన్న ఇసుక సంతానం. ఇసుకలో ఎక్కువ భాగం స్ఫటికశిల. మోస్ కొలతలో దాని గట్టితనం 7, గాజుది 5.5 చుట్టుపక్కల. పొడిగుడ్డ కింద చిక్కిన ఒక్కో రేణువూ గాజు మీద ఉలిలా నడుస్తుంది. ఆ గీతలు పగలు కనిపించవు. రాత్రి హిందూపురం రోడ్డులో ఎదురుగా లారీ వచ్చినప్పుడు దాని దీపాలు ఆ గీతల్లో చిక్కి అద్దమంతా సాలెగూడులా మెరుస్తుంది, ముందున్న ఎద్దులబండి మాయమవుతుంది. కాబట్టి శత్రువు దుమ్ము కాదు. దుమ్ము మీదికి మనం పంపిన సేనాపతే శత్రుపక్షం మనిషి. మొదటి చినుకులు పడగానే చుక్కనీళ్ళు కూడా చిమ్మకుండా వైపర్ మీట నొక్కే మహావీరులదీ ఇదే పాపం. 1903లో వైపర్‌కు పేటెంటు పొందిన మేరీ ఆండర్సన్ అనే అమెరికా ఆవిడ రొద్దం దుమ్మును చూసి ఉంటే, మీట పక్కనే చెంబు కూడా గీసి ఉండేది.

తండ్రి చెంబెత్తాడు. భగీరథుడి వెనక గంగలా నీళ్ళు పైఅంచు నుంచి దిగాయి. ఎర్రసేన నల్లంచు దాటి, బానెట్ సందుల్లోకి పారిపోయింది. ఆ తర్వాతే తడిగుడ్డ. వైపర్లను లేపి వాటి రబ్బరు అంచు తుడిస్తే కాటుకలా నలుపు ఊడింది. పక్క అద్దాన్ని రెండంగుళాలు దించాక గాని పైఅంచు మురికి బయటపడలేదు. ద్వైపాయన హ్రదంలో దాగిన దుర్యోధనుడిలా అది ఎప్పుడూ బీడింగు లోపలే ఉంటుంది.

గెలిచామనుకుని అక్కడితో ఆగితే బోరునీళ్ళు వెన్నుపోటు పొడుస్తాయి. అవి ఎండకు ఆరాయంటే, వాటిలోని సున్నపు లవణాలు తెల్లటి చుక్కలై పొడిచి కూర్చుంటాయి. కాబట్టి నీడలో కడిగి, ఆరకముందే ఒత్తాలి. పాత మరకలకు పలుచటి వెనిగర్ చాలు. చివరి మెరుగుకు మైక్రోఫైబర్ గుడ్డ ఉంటే మంచిదే, లేదంటే నిన్నటి పేపరు. ఎన్నికల హామీలు ఇంత ఉపయోగపడే సందర్భం మరొకటి లేదు.

లోపలివైపు మరో మాయ. ఎండకు కాగిన డాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి లేచిన ఆవిరి లోపలి అద్దం మీద జిడ్డుపొరై పేరుకుంటుంది. ఇక్కడ డ్రైవరుదొక యుద్ధతంత్రం: బయట నిలువుగా, లోపల అడ్డంగా తుడుస్తాడు. చార మిగిలితే ఏ వైపుదో దాని దిక్కే చెబుతుంది. దీన్ని ఏ నీతిశాస్త్రమూ రాయలేదు, రాయవలసింది.

అద్దాలన్నీ మయసభ అయ్యాయి. ఇక దుర్యోధనుడే తరువాయి. ఆ పాత్ర ధర్మవరం పట్టుచీర కట్టుకుని, పెనుకొండలో పెళ్ళికి బయలుదేరిన అవ్వకు దక్కింది. వెనక సీట్లో కుదురుగా కూర్చుని, వక్కాకు నమిలి, తల తిప్పి, బయట రోడ్డే ఉందనుకుని ఉమ్మేసింది.

“అవ్వా! అద్దం ఎక్కిచ్చుండాది!” అని డ్రైవరు అరిచేటప్పటికి ఆలస్యమైపోయింది. నవ్వినది ద్రౌపది కాదు, పక్కనే కూర్చున్న మనవరాలు. అవ్వ మాత్రం ఓటమి ఒప్పుకునే వంశం కాదు: “అద్దముంటే ఉన్నట్టు కనపడాల గదప్పా! ఇంత తుడిస్తే ఎట్లా?”

ఫలశ్రుతి కూడా చెప్పి సెలవు తీసుకుంటాను. ఈ కావ్యం చదివినవాళ్ళకు పుణ్యం వస్తుందని హామీ ఇవ్వలేను. గుడ్డ ఎంత మెత్తనిదైనా సరే, ముందు ఒక చెంబెడు నీళ్ళు పోసి తర్వాతే అద్దాన్ని ముట్టుకోండి. వక్కాకు మరకైతే బండి ఆపి, ఆరకముందే కడగండి.