తడబాటెరుగని చీర

పోచంపల్లి ప్రింటు చీరా, నిన్ను పొగడాలనే కూర్చున్నాను. నీ గురించి చెప్పబోయే మంచిలో ఒక్క అబద్ధమూ ఉండదు. నెల రోజులుగా నిన్ను బీరువాలో పెట్టుకుని, తలుపు తీసినప్పుడల్లా చూసుకుని, ఒక్కో గుణం లెక్కపెట్టి రాస్తున్నాను.

ఉగాది వెళ్లిన మొదటి ఆదివారం మా ఇంటిల్లిపాదీ, పదకొండు మందిమి, రెండు కార్లలో హైదరాబాదు నుంచి భూదాన్ పోచంపల్లి బయల్దేరాం. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయగల దూరం. ఆ ప్రయాణం ఆలోచన మా చెల్లెలిది. నేతవాళ్ల ఊరికి పోతున్నాం కాబట్టి అందరం ఇకత్ కట్టుకోవాలన్నదీ దాని ఆలోచనే. ఆడవాళ్లకు చీరలు, మగవాళ్లకు చొక్కాలు, పిల్లలకు గౌన్లు, కుర్తాలు. అన్నిటికీ ఒకటే ఎరుపు, ఒకటే నలుపు, మధ్యలో ఒకటే తెల్లటి గడి. ఫోన్లో చూసి ఆర్డరు పెడితే మూడో రోజుకు గుమ్మంలో ఉన్నాయి. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో 'పోచంపల్లి ఇకత్' అని ఉంది. చీర ఆరువందల యాభై రూపాయలు.

కారులో ముగ్గురు కూర్చోవాల్సిన చోట నలుగురం ఒరుసుకుని కూర్చున్నాం. దిగి చూసుకుంటే నీ కుచ్చిళ్లలో ఒక్క ముడత లేదు. ఇది నీ మొదటి గొప్ప. మా అమ్మ కట్టే నూలు చీర మధ్యాహ్నానికే నలిగిపోయేది. ఆ ముడతల్ని బట్టి అమ్మ ఎంతసేపు పొయ్యి ముందు కూర్చుందో, ఏ పిల్ల ఆమె ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయిందో చెప్పగలిగేవాళ్లం. నీ మీద మనిషి గుర్తు ఏదీ నిలవదు. పొద్దున ఎట్లా ఉన్నావో రాత్రి విప్పి మడతపెట్టేటప్పుడూ అట్లాగే ఉన్నావు. ఆ రోజు నిన్ను ఎవరు కట్టుకున్నారో నిన్ను చూసి ఎవరూ చెప్పలేరు.

నీ రెండో గొప్ప, నువ్వు ఎవరి చెమటా తీసుకోవు. నూటికి నూరుపాళ్లు నిజం ఇది. వంద గ్రాముల పొడి నూలు గాలిలో ఉండే తేమనే ఎనిమిది గ్రాముల దాకా పీల్చుకుంటుంది. నీ పాలియెస్టరు అర గ్రాము కూడా పీల్చుకోదు. చైత్రమాసపు ఎండలో, పదకొండు గంటల వేళ, నా వీపు మీద కారిన చెమట నిన్ను తాకి కూడా నిన్ను తడపలేకపోయింది. ఎక్కడిది అక్కడే కారి నడుము దగ్గర ఆగింది. పసిదానికి మెడ చుట్టూ చెమటకాయలు లేచాయి. గౌను మాత్రం పెట్టెలోంచి తీసినట్టే తళతళలాడుతోంది.

వసంతం వస్తే మా ఇంట్లో బట్టలకు ఒక పండగ ఉండేది. ఉగాదికి వారం ముందే అమ్మ ట్రంకుపెట్టె తెరిచేది. చలికాలం బట్టలు మధ్యలో వేపాకు వేసి అడుక్కి పోయేవి, నూలు చీరలు పైకి వచ్చేవి. అన్నం వార్చిన గంజిని పలచగా చేసి, గుడ్డలో వడకట్టి, నారాయణపేట చీరను అందులో ముంచి, ఇద్దరం చెరో కొసా పట్టుకుని పిండేవాళ్లం. ఎండలో వేస్తే రంగు దెబ్బతింటుందని కానుగ చెట్టు నీడన ఆరేసేది. సరిగ్గా ఆ రోజుల్లోనే కానుగ లేత ఆకు తొడుగుతుంది. అమ్మ దగ్గర వేసవికి ఉన్నవి నాలుగే చీరలు. ఆ నాలుగూ ఆమెవి. వీధి మలుపు తిరిగి వస్తుంటే ముఖం కనపడక ముందే ఆ అంచు చూసి, అదుగో అమ్మ, అని పరుగెత్తేవాళ్లం. ఎవరి కట్టు వాళ్లదిగా ఉండటం గురించి ఇప్పుడు ఎంతో మాట్లాడుతున్నారు. అమ్మకు ఆ మాట తెలియదు, ఆ సంగతి తెలుసు.

నీకు ఈ శ్రమ ఏదీ అక్కర్లేదు. గంజి అడగవు, ఇస్త్రీ అడగవు, నీడ అడగవు. పుష్యమాసంలోనూ చైత్రంలోనూ ఒక్కటే నువ్వు. దారి పొడుగునా మోదుగులు నిప్పులు చెరిగినట్టు పూసి ఉన్నాయి, వేపలు పూతతో తెల్లబడి ఉన్నాయి. రుతువు మారిందని నీకొక్కదానికే తెలియలేదు. ఊరు చేరాక ఫోటోలు తీసుకున్నాం. పదకొండు మందిమి ఒకే గడి. ఆ ఫోటోలో ఎవరి భుజం ఎక్కడ ఆగిందో, పక్కవాళ్ల భుజం ఎక్కడ మొదలైందో నాకిప్పటికీ తెలియడం లేదు. మమ్మల్ని అంతగా ఒక్కటి చేసిన బట్ట ఇంతకు ముందు లేదు.

ఇక నీ గీతల సంగతి. ఎంత సూటి గీతలు నీవి! కత్తితో కోసినట్టు నలుపు ఆగిన చోట తెలుపు మొదలవుతుంది. అసలు ఇకత్‌కు ఇది చేతకాదు. ఎందుకు చేతకాదో ఆ రోజు ఒక ఇంట్లో కళ్లారా చూశాను.

గ్రాఫు కాగితం మీద గడి గీసుకుంటారు. ముందు దారాన్ని ఆసు పోస్తారు. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ, ఒక్కో పోగు, పైకీ కిందికీ చెయ్యి ఆడిస్తూ వేల సార్లు తిప్పాలి. తర్వాత ఆ దారాన్ని కట్టలుగా విడదీసి, రంగు అంటకూడని చోటల్లా పాత సైకిలు ట్యూబు పేలికలతో బిగించి కడతారు. దీన్నే చిట్కి కట్టడం అంటారు. రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, మళ్లీ ఇంకో చోట కట్టి ఇంకో రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. బొమ్మ మొత్తం బట్ట పుట్టకముందే దారంలోనే పుడుతుంది. గుంత మగ్గం మీద కూర్చున్న మనిషి నాడె విసిరిన ప్రతిసారీ వంగి చూస్తున్నాడు. రంగు తన చోట పడకపోతే పేకను వేలితో వెంట్రుకవాసి జరుపుతున్నాడు. ఎంత సరిచేసినా దారం దారమే కదా, అక్కడక్కడా ఒక పోగు ఇటు జరుగుతుంది, ఒకటి అటు. అందుకే ఇకత్ గడి అంచు ఈక చివరలా కొద్దిగా చెదిరి ఉంటుంది. ఆ చెదురు చూసి మనిషి చెయ్యి ఎంత దూరం వెళ్లి ఎక్కడ ఆగిందో తెలుసుకోవచ్చు. నీలో ఆ తడబాటు లేదు. కాగితం మీది బొమ్మను వేడి రోలర్ల మధ్య బట్ట మీదికి నొక్కితే తడబాటు ఎక్కడినుంచి వస్తుంది?

నిన్ను కన్నప్పుడు ఏ తల్లి భుజమూ నొప్పి పుట్టలేదు. ఈ మాట రాస్తుంటే చింతకింది మల్లేశం గుర్తొస్తున్నాడు. ఆలేరు దగ్గర శారాజీపేటలో అమ్మ రోజంతా ఆసు పోసి, రాత్రి భుజం పట్టుకుని మూలుగుతుంటే చూడలేక, పెద్ద చదువు లేని ఆ కుర్రవాడు ఏళ్ల తరబడి తిప్పలు పడి 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రం అంటే నాకు కోపం లేదని చెప్పడానికే ఇది. ఆ యంత్రం అమ్మ భుజానికి నొప్పి తీసింది, చేతిలో పని తీయలేదు. నువ్వు నొప్పినీ పనినీ కలిపి ఒక్కసారే తీసేస్తావు. అంత పెద్ద ఉపకారం ఎవరూ చేయలేదు.

నిన్ను నేసిన వాళ్ల మీద కూడా నాకు కోపం లేదు. నల్లగొండ, కరీంనగర్, వరంగల్ జిల్లాల నుంచి మగ్గం గుంత పూడ్చేసి షోలాపూర్, భీవండి, సూరత్ దారి పట్టిన పద్మశాలీలు ఎంతమందో. ఇక్కడ నాడె విసిరిన తాత మనవడు అక్కడ పవర్‌లూమ్ చప్పుడులో చెవులు పోగొట్టుకుంటున్నాడు. నీలాంటి బట్టలో మనవాళ్ల చెయ్యి లేదని నేనెట్లా అనగలను? అద్దకం మీదా కోపం లేదు. పెడనలో చెక్క అచ్చులతో అద్దిన కలంకారీ అద్దకమనే పేరుతోనే మన ముందుకు వస్తుంది, ఎవరి పేరూ ఎరువు తెచ్చుకోదు.

పేరు దగ్గరే నా మనసు మండుతోంది. ఆ ఊరికి ఆ పేరు ఎట్లా వచ్చిందో నీకు తెలియదు, పెట్టె మీద నీ పేరు వేసినవాళ్లకూ తెలిసి ఉండదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ ఊళ్లో, భూమి లేని దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు అడుగుతున్నాయి, ఏం చేద్దాం అని ఊరివాళ్లను అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. పోచంపల్లి భూదాన్ పోచంపల్లి అయింది అందుకే. ఇచ్చినందుకు వచ్చిన పేరది. ఆ ఊరి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు దక్కి కూడా ఇరవై ఏళ్లయింది. అంటే ఆ పేరు ఆ చుట్టుపక్కల మగ్గాల మీద పుట్టిన బట్టకే చెల్లుతుంది. నువ్వు మాత్రం ఆ ఊరి ఏ మగ్గం గడపా తొక్కకుండా, ఎవరినీ ఒక్క మాట అడగకుండా ఆ పేరు తెచ్చుకున్నావు. అడగకుండానే దొరికే పేరు ఎంత చవకో నీ ధర చూస్తే తెలుస్తుంది.

ఆ రోజు నేత చూసిన ఇంటి వసారాలో ఒక పెద్దావిడ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. డెబ్బై దాటి ఉంటాయి. మా పదకొండు మందిని చూసింది. ఏమీ అనలేదు. నేను పక్కన కూర్చోగానే రాట్నం ఆపి నీ కొంగు అందుకుంది. చూపుడు వేలూ బొటనవేలూ మధ్య పెట్టి నలిపింది. తర్వాత తిరగేసింది. వెనకవైపు నీ ఎరుపు వెలిసిన గులాబీ రంగులో ఉంది, నలుపు బూడిద రంగులో ఉంది. నీకున్న ఒక్క నిజాయితీ అదే, నీ వీపున ఉంటుంది. తిప్పి చూసినవాళ్లకు దాచవు.

"మంచిగనే ఉంది బిడ్డా. రంగు వోదు ఇది," అంది.

మా చెల్లెలి కూతురికి తొమ్మిదేళ్లు. అది పక్కనే నిలబడి, "ఇది మీ ఊళ్లోదే కదా అవ్వా?" అని అడిగింది.

"మా ఊరి పేరైతె ఉంది బిడ్డా," అని కొంగు నా భుజం మీద సర్ది పెట్టి, మళ్లీ రాట్నం తిప్పుకుంది.

నీ మీద ఇన్ని పొగడ్తలు రాసినా ఆమె అన్న ఆ రెండు మాటలకు సరితూగవు. ఆ ఇంట్లో మంచినీళ్లు ఇచ్చారు, తాగాం. మగ్గం ముందు పిల్లల్ని నిలబెట్టి ఫోటో తీస్తామంటే నేత ఆపి పక్కకు జరిగారు. మేం ఒంటి మీద నిన్ను కట్టుకుని, వాళ్ల మగ్గాన్ని వెనక గోడలా పెట్టుకుని నవ్వాం. ఆ నవ్వు ఇప్పుడు చూడలేకపోతున్నాను.

2009–10 చేనేత గణనలో దేశమంతటా 43.31 లక్షల మంది నేతపనివాళ్లు, అనుబంధ పనివాళ్లు లెక్కకు వచ్చారు. 2019–20 గణనకు 35.22 లక్షలయ్యారు. పదేళ్లలో ఎనిమిది లక్షలు. దీనికంతా నువ్వే కారణమని నేననను. నూలు ధర ఉంది, అప్పు ఉంది, మధ్యదళారీ ఉన్నాడు, చేతికి వచ్చే కూలి చూసి మగ్గం వద్దనుకున్న పిల్లలున్నారు. నువ్వు చేసింది చిన్న పనే. ఇకత్ కట్టుకోవాలని ఆశపడ్డ ఇంట్లోకి ఇకత్ కంటే ముందు నువ్వు చేరావు. ఆ ఆశ అక్కడికే తీరిపోయింది. మా పదకొండు మందిలో ఒక్కరికైనా, ఆ ఊళ్లో దిగేదాకా, మనం కట్టుకున్నది ఇకత్ కాదన్న అనుమానం రాలేదు.

తిరుగుప్రయాణానికి ముందు మా చెల్లెలు ఆ ఇంట్లోనే ఒక నూలు చీర కొన్నది. నాలుగు వేల రెండువందలు. బేరం ఆడబోయి ఆగిపోయింది. ఇంటికి వచ్చాక గంజి పెట్టడం మర్చిపోయానక్కా, ఎట్లా పెట్టాలో చెప్పు, అని ఫోన్ చేసింది. చెప్పాను.

ఈ ఎండాకాలం పిల్లల్ని తీసుకుని పోచంపల్లి పోయేవాళ్లకు ఒక్క మనవి. అక్కడికి ఇకత్ కట్టుకునే వెళ్లాలని లేదు. ఇంట్లో ఉన్న పాత నూలు చీరైనా, మామూలు నూలు చొక్కా అయినా కట్టుకుని వెళ్లండి. కొనేటప్పుడు కొంగు తిరగేసి చూడండి. రెండు వైపులా రంగు సమానంగా ఉందా, గడి అంచు కాస్త చెదిరి ఉందా, చేనేత మార్కు ఉందా అని అడిగి చూసుకోండి. పదకొండు మందికి పదకొండు కొనలేకపోతే ఒక్కటి కొనండి. మగ్గం నడుస్తున్న ఇంట్లో, నేసిన మనిషి చేతి నుంచి కొనండి.