ఇంచుమించు పెద్దమనిషి

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయిన తరువాత కోస్తా జిల్లాల నుంచి తరలివచ్చి, రాయచూరు జిల్లా సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో ఎడమ కాలువ కింద భూములు కొనుక్కున్న తెలుగు రైతుల ఊళ్లను క్యాంపులంటారు. ఏ క్యాంపుకు వెళ్లినా రామాలయం, టీకొట్టు, ఏ సంగతీ తేల్చి చెప్పని పెద్దమనిషి కనబడక మానరు.

ఈయన నోట మనుషులకు పేర్లుండవు, 'ఆ పైవాళ్లు' ఉంటారు. ఊళ్లకు పేర్లుండవు, 'ఆ పక్క' ఉంటుంది. గడువు ఏదైనా 'ఓ నాలుగు రోజులే' గాని, ఆ నాలుగు రోజులు మర్నాటి నుంచి వచ్చే ఉగాది దాకా ఎంతైనా సాగగలవు. అసలు మాటకు తోకగా 'గి'తోనో 'గీ'తోనో మొదలయ్యే జంటమాట తగిలించి దాని బరువు తగ్గించడంలోనూ ఈయనది అందె వేసిన చెయ్యి. "కాగితం గీగితం మన మధ్య ఎందుకండీ" అన్నాక ఇక కాగితం అడగడానికి ఎవరికీ నోరు రాదు.

ఇది తెలియనితనం అనుకోవడం పొరపాటు. ఎవరి చేను ఎంత పండిందో, ఎవరి నోటు ఎవరి బీరువాలో ఉందో ఆయనకు కంఠోపాఠమే. అయితే వియ్యాలు, కౌళ్లు, చేబదుళ్లు ఒకదానితో ఒకటి చిక్కుపడిన ఊళ్లో నోరుజారిన అంకె మర్నాటికి సాక్ష్యమై కూర్చుంటుంది. అలాగని పేరు చెప్పడం ఈ నేలకు కొత్త కాదు. దగ్గరలోని మస్కిలో 1915లో గనుల ఇంజినీరు బీడన్ కంటబడిన శాసనం వల్ల, అంతకుముందు దేవానాంప్రియుడు, ప్రియదర్శి అన్న బిరుదులతోనే తన శాసనాల్లో కనిపించిన రాజు అశోకుడేనని పేరుతో సహా రూఢి అయింది. పేరు బండమీద చెక్కించుకున్న ఆ రాజుకు ఈ విషయంలో క్యాంపుల్లో శిష్యులు దొరికినట్టు లేదు.

న్యాయానికి ఒక మాట చెప్పాలి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయి జలాశయం నీళ్లు ఏటిపాలవుతున్నప్పుడు, పంటకు నీళ్లొస్తాయా అన్న ప్రశ్నకు "రావనీ అనలేం, వస్తాయనీ అనలేం" అనడమే, తాత్కాలిక గేటు దించేదాకా, అన్నిటికన్నా నికార్సయిన జవాబు.

ఆయన అసలు ప్రతిభ బయటపడేది కౌలు మాట కుదిర్చేటప్పుడు. భూమిగల ఆసామి ఎకరాకు ఇన్ని బస్తాలు, అంటే డెబ్భై అయిదు కిలోల వడ్ల బస్తాలు, పడాలని భీష్మించుకుంటాడు. కాలువ చివరి భూమికి నీళ్లెక్కవు, తగ్గించమని కౌలుదారు మొరపెట్టుకుంటాడు. పెద్దమనిషి టీ గ్లాసు పక్కన పెట్టి, కండువాతో మూతి తుడుచుకుని, "నువ్వన్నదీ నిజమే బాబాయ్, అబ్బాయి చెప్పేదీ కాదనలేం, ఆ పక్కవాళ్లు అనుకున్నట్టే మీరూ ఓ మాట అనేసుకుంటే అదే సరిపోద్ది" అంటారు. ఆ పక్కంటే కాలువ ఎగువనని ఆసామి, దిగువనని కౌలుదారు అనుకుని, ఎవరికి వారు గెలిచామన్న సంతోషంతో లేచి వెళ్తారు.

కోత మిషను వచ్చి, వడ్లు కాటా దగ్గరకు చేరాక ఇద్దరూ మళ్లీ ఆ టీకొట్టుకే వస్తారు. "ఆ రోజే చెప్పానుగా, అలా కాదని!" అని పెద్దమనిషి నొచ్చుకుంటే, అది ఎదుటివాణ్ణి అన్నమాటేనని ఇద్దరూ తలూపుతారు. వచ్చే ఏటి కౌలు మాట కూడా ఆయన దగ్గరే కుదురుతుంది.