ముందు రెండు రోజులు పాడుచేసుకోండి

లద్దాఖ్‌లో పాంగాంగ్ సరస్సు చూడబోతున్నామనగానే సలహాలు వచ్చి పడతాయి. "లేహ్‌లో దిగిన మర్నాడే బయల్దేరండి, ఒక్క రోజులో పోయి రావచ్చు" అంటారు. నేను చెప్పేది పూర్తిగా అడ్డం. సెలవులు దండగ చేయమంటున్నాడేమిటని మీకనిపిస్తుంది. దండగ చేయమనే అంటున్నాను.

లేహ్‌లో రెండు రోజులు ఏమీ చూడకండి. మఠాలు వద్దు, బజారు వద్దు. పడుకోండి, నీళ్లు తాగండి. హైదరాబాద్ 500 మీటర్ల పైచిలుకు ఎత్తు, లేహ్ 3,500. పొద్దున ఇంట్లో కాఫీ తాగి మధ్యాహ్నానికల్లా అంతెత్తున వాలిన ఒంటికి సర్దుకునే వ్యవధి ఇవ్వాలి కదా! పాంగాంగ్ దారిలో చాంగ్‌లా కనుమ ఏకంగా 5,300 మీటర్లు దాటుతుంది.

మేం మొదటిసారి మర్నాడే ఎక్కాం. కనుమ దగ్గరికొచ్చేసరికి సంచిలో చిప్స్ ప్యాకెట్లు బూరెల్లా ఉబ్బిపోయాయి. పిల్లలు వాటిని నొక్కి నవ్వుకుంటుంటే మా బావగారు కారు దిగి, రోడ్డు పక్కన కూలబడి వాంతి చేసుకున్నారు. తల పగిలిపోతోందన్నారు. సరస్సు ఇంకెంతో దూరం లేదని డ్రైవరు నచ్చజెప్పబోయాడు. అయినా కారు తిప్పించాం. ఇచ్చిన డబ్బంతా పోయింది. లేహ్ చేరాక బావగారు తనంతట తనే టీ అడిగారు.

అందుకే రెండో మాట: సగం దారిలోంచి వెనక్కి రావడానికి మొహమాటపడకండి. ఎత్తు జబ్బుకు అసలు మందు కిందికి దిగడమే. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడకలో తూలుతున్నా తెల్లారేదాకా ఆగకూడదు.

త్సో మోరిరి, చంద్రతాల్ కూడా ఇదే ట్రిప్పులో చుట్టేద్దామనుకుంటే కొట్టేయండి. ఒక్క సరస్సు చాలు, ఆ ఒడ్డునే ఒక రాత్రి ఉండండి.

త్రీ ఇడియట్స్ సినిమా పుణ్యమా అని అక్కడ పసుపు స్కూటర్లు పెట్టి ఫొటోలు తీయిస్తారు. అక్కడ ఆగకండి. ఒడ్డు వెంట ఓ అరగంట నడిచి, ఫోను జేబులో పెట్టి కూర్చోండి. మబ్బు అడ్డొస్తే నీలంగా ఉన్న నీళ్లు బూడిదరంగుకు తిరుగుతాయి, ఎండ రాగానే పచ్చగా మెరుస్తాయి. వేసవిలో లద్దాఖ్ సరస్సుల దగ్గర గుడ్లు పెట్టే పట్టెతల బాతులే చలికాలంలో హిమాలయాలు దాటి మన దక్షిణాది చెరువులదాకా వస్తాయి. అవి కనిపిస్తే దగ్గరికి పోకండి. వేలు ముంచి నాలుకకు రాసుకుంటే ఉప్పగా తగులుతుంది. కొండల మీది మంచు కరిగి వచ్చే నీళ్లు ఉప్పగా ఎందుకున్నాయో ఆలోచించండి.

కారు నీళ్లలోకి దించకండి, సబ్బు తాకించకండి. ప్లాస్టిక్ మొత్తం మీతోనే వెనక్కి తెచ్చేయండి. ఆ సరస్సులోంచి బయటికి పారే వాగు ఒక్కటి కూడా లేదు.