గరాజీ ఇచ్చకానికి టీకా తాత్పర్యం

మూలం: "తమరు రుచి చూసి బాగుందంటేనే గరాజీకి తీపొచ్చేదండి, ఆయ్!"

అవతారిక: కోనసీమలో నగరం అనే ఊళ్లో మా అరుగు మీద కూచుని, గరాజీ అనే తీపి పిండివంట ఉన్న కాగితం పొట్లం విప్పుతూ ఒక కొబ్బరికాయల బేరగాడు పలికిన వాక్యమిది. దింపు అయిపోయింది, కాయ రాశిలో ఉంది, ధర తెగలేదు. ఈ సందర్భం ఎరగనివాడికి అన్వయం కుదరదు.

టీక: తమరు = నేను. నిన్నటిదాకా 'మీరు'నే. రుచి చూసి = నోరు నిండి; నోట్లో గరాజీ ఉన్నవాడు ధర దగ్గర గట్టిగా మాట్లాడలేడని ధ్వని. బాగుందంటేనే = ఇందులో ఏకారం అవధారణార్థకం; కిటుకంతా ఈ ఒక్క అచ్చులోనే ఉంది. తీపొచ్చేదండి = వండిన ఇల్లాలి శ్రమకు ఇక్కడ లోపం వచ్చింది. ఆయ్ = కోనసీమ అవ్యయం. లింగ, వచన, విభక్తులు లేవు. పూచీ కూడా లేదు.

వ్యుత్పత్తి: ఇచ్ఛకు వికృతి ఇచ్చ, ఎదుటివాడి ఇచ్చ ఎరిగి ఆడేది ఇచ్చకం. 'ఇచ్చేవాడి దగ్గర ఆడేది' అని నా పాఠం. వ్యాకరణం ఒప్పదు, అనుభవం ఒప్పుతుంది.

ఇచ్చకం చీనాలోనూ ఉంది. వారి ముఖస్తుతి అక్షరం 'చాన్'లో ఎడమపక్క మాట, కుడిపక్క గుంటలో పడుతున్న మనిషి. గుంట శబ్దం కోసమేనంటారు పండితులు. కానివ్వండి, పడ్డది పొగిడినవాడా, పొగిడించుకున్నవాడా? మరో అక్షరం 'నింగ్'కి మొదట మాటనేర్పు, తెలివి అని అర్థం. 'పు నింగ్', అంటే తెలివిలేనివాణ్ణి, అని పెద్దలు వినయంగా తమను చెప్పుకునేవారు. పోనుపోను అదే అక్షరానికి ఇచ్చకాలమారితనం అంటుకుంది. క్రీ.శ. 100 ప్రాంతంలో నిఘంటువు కూర్చిన షు షెన్ అందులో 'స్త్రీ'నీ, కుదించిన 'నమ్మకం'నీ చూశాడు. నింద ఆడవాళ్ల మీదికి నెట్టడంలో వ్యాఖ్యాతలందరిదీ ఒకే గురుకులం!

మన 'చాటు' ఎదురు నడిచింది. సంస్కృతంలో అది ఎదుటివాడికి ఇంపైన పొగడ్త. తెలుగులో చాటుపద్యమై, వేటూరి ప్రభాకరశాస్త్రిగారి 'చాటుపద్యమణిమంజరి'లో పీట వేయించుకుంది. అక్కడ నేర్పు దిగజారి పొగడ్తయితే, ఇక్కడ పొగడ్త నేర్పయింది. మా బేరగాడు రెండు శాస్త్రాలూ చదివినవాడు.

తాత్పర్యం: అయ్యా, కాయకి రూపాయి తగ్గించండి.

విశేషం: తగ్గించాను. పొట్లంలో మిగిలిన గరాజీ మా ఆవిడ కొరికి, ఒకపక్క మాడిందంది. ఆవిణ్ణి ఎవరూ 'తమరు' అనలేదు.