పనిదొంగల పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: హాంకాంగ్, గ్వాంగ్‌జౌ ప్రాంతాల కాంటనీస్ భాషలో పని ఎగ్గొట్టడానికీ పరధ్యానానికీ ఉన్న మాటలను ఏరి, టీకాకారుడే ఒక ఆటవెలది కట్టుకొని, తానే టీక కూడా రాసుకుంటున్నాడు. ఇంకెవరూ రాయరు గనుక.

మూలం:
కోడి దొంగిలించి కుర్చీని వదిలెను
చేప పట్టె నొకడు చెరువు లేక
పాము రాజు నేడు పడకేసె హాయిగా
పెద్ద బుర్ర రొయ్య పెన్ను మరచె

ప్రతిపదార్థం: కోడి దొంగిలించి = ‘థౌ గై’ చేసి, అనగా పనివేళ పైవాడి కన్నుగప్పి జారుకొని; కుర్చీని వదిలెను = సీటు ఖాళీ చేసెను (కోటు మాత్రం కుర్చీకే వేలాడుచుండును); చేప పట్టెన్ = ‘తియు యూ’, అనగా కూర్చున్నచోటనే కునికెను. తల గాలపు కర్రవలె వాలి, ఉలికిపడి లేచి, మరల వాలును గనుక; చెరువు లేక = మీటింగులో; పాము రాజు = ‘సే వాంగ్’, ఒళ్లు వంచనివాడు; పడకేసె = ఫైళ్లతో సహా; పెద్ద బుర్ర రొయ్య = ‘తాయ్ థౌ హా’, మతిమరుపు మనిషి; పెన్ను మరచె = అది చెవిమీదే ఉండగా.

విశేషాలు: పాము సూప్ అమ్మే హాంకాంగ్ దుకాణదారుకూ ‘పాము రాజు’ అనే పేరు. అంగట్లో బిరుదు, ఆఫీసులో తిట్టు, సందర్భం చూసుకోవాలి.

రొయ్య మీద గ్వాంగ్‌డాంగ్ పండితుడు చెన్ షియన్‌జాంగ్ (1428–1500) ఏకంగా వ్యాసమే రాశాడు. అప్పట్లో డాబుకు పోయి ఇల్లు గుల్ల చేసుకున్నవాడికి ఆ పేరు: తలకాయ చూస్తే ఇంత, ఒలిస్తే మాంసం లేదు. ఇప్పుడది గొడుగులు పోగొట్టుకునేవాడి దాకా దిగింది.

శంక: కోడినే ఎందుకు దొంగిలించాలి? తెలుగువాడు పనినే దొంగిలించి పనిదొంగ అనిపించుకోలేదా?

సమాధానం: దొంగిలించిన పనిని ఏం చేసుకుంటాం? కోడినైతే వండుకోవచ్చు.

తాత్పర్యం: కోడి, చేప, పాము, రొయ్య. నాలుగూ కాంటన్ వంటింటి సరుకే. పని మీద లేని మనసు ఎక్కడ తిరుగుతోందో వేరే చెప్పనక్కర్లేదు. మనవాడు మాత్రం పనిలేక ఈగలు తోలుకుంటాడు. ఈగలున్నాయంటే విస్తరి కూడా దగ్గర్లోనే ఉండి ఉంటుందని టీకాకారుని నమ్మకం.