ఫిల్టరుకు ఆయుష్షు పోయడం ఎలా

అమెరికాలో ఇల్లు కొన్న తెలుగువాడికి పాలు ఏ పొయ్యి మీద పొంగించాలో తెలుసు, ఈశాన్యం ఎటుందో ఫోనులో దిక్సూచి పెట్టి మరీ తెలుసు. హాలు గోడకి ఉన్న ఆ తెల్ల జాలీ తలుపు వెనక ఏముందో మాత్రం తెలియదు. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు తీసుకున్న మొదటి ఏడాది నాకూ తెలియదు. ఇల్లు చల్లబడుతోంది, చలికాలం వెచ్చబడుతోంది, అంతకన్నా ఏం కావాలి? ఇంట్లోని గాలంతా ఆ జాలీలోంచే లోపలికి పోయి, అక్కడున్న ఫిల్టరులో వడకట్టుకుని, అటిక్‌లో ఉన్న మెషీన్‌కి చేరుతుందని తర్వాత తెలిసింది. ఈ ఆరేళ్లలో దాని గురించి నేర్చుకున్నదంతా మీతో పంచుకుందామని.

ముందు డబ్బు సంగతి. ఒక్కోటి పదిహేను డాలర్లు. మూణ్ణెల్లకోటి మార్చమంటారు. పదేళ్లకి నలభై ఫిల్టర్లు, ఆరొందల డాలర్లు. అంత డబ్బూ గాలికి పోయడమే, అక్షరాలా గాలికే. కాబట్టి ఒకటి కొంటే దాని చేత ఎంతకాలం కాపురం చేయించగలమన్నదే మన విద్య.

కొనేటప్పుడు సైజు గురించి బెంగ వద్దు. మా పాత ఫిల్టరు అంచు మీద 20 బై 25 బై 1 అని ఉంది. టేపు పెట్టి చూస్తే పంతొమ్మిదిన్నర, ఇరవై నాలుగున్నర, మందం ముప్పావు అంగుళం. గూట్లో సులువుగా దూరడానికి అంచులు కాస్త తగ్గించి చేస్తారట, అట్ట మీద రాసేది పేరుకు కొలత. వాళ్లు అర అంగుళం వదలగా లేనిది నేను నాలుగు అంగుళాలు వదిలితే తప్పా? 16 బై 25 సగం ధరకి పెట్టారు, ఆరు తెచ్చాను. మిగిలిన సందులో దీపావళికి ఎవరో ఇచ్చిన కాజూ కత్లీ పెట్టె కత్తిరించి దోపాను. రెండు వారాలకి అట్ట ముక్క లేదు. ఫ్యాను లాగేసుకుంది. ఇప్పుడు గాలి ఫిల్టరు జోలికే పోకుండా పక్క సందులోంచి హాయిగా వెళ్తోంది. ఫిల్టరు ఎంత శుభ్రంగా ఉందో చూడండి, ఆరు నెలలైనా తెల్లగానే ఉంది. ఆయుష్షు అంటే అదీ.

తర్వాత నంబరు. మనవాళ్లకి ఎంట్రన్స్ ర్యాంకు ఒక్కటే చిన్నదైతే మంచిది, మిగతా అన్ని నంబర్లూ పెద్దవి కావాలి. ఫిల్టరు మీద మెర్వ్ అని ఒక నంబరు ఉంటుంది. ఆష్రే అనే ఇంజనీర్ల సంఘం పెట్టిన కొలమానం అది. మెర్వ్ 8 అంటే మూడు నుంచి పది మైక్రాన్ల రేణువుల్లో, అంటే పుప్పొడిలో సన్న పొడి, దుమ్ములో సన్న దుమ్ము, వీటిలో కనీసం 70 శాతం ఆపుతుంది. పొగ లాంటి, ఒక మైక్రాన్ కన్నా సన్నవాటి మీద దానికి హామీ లేదు. మెర్వ్ 13 అయితే ఆ సన్నవాటిలోనూ కనీసం సగం పడుతుంది. దుకాణాల్లో ఇంకో తమాషా. ఒక కంపెనీ తన సొంత లెక్కలో వేలల్లో నంబర్లు వేస్తుంది, ఒక దుకాణం పదితోనే ముగిస్తుంది. నేను వేలల్లో ఉన్నదే తెచ్చాను, మెర్వ్ లెక్కలో అది 13, ఇంకా అనడిగితే వాళ్ల దగ్గర పెద్ద నంబరు లేదన్నారు.

అంగుళం మందం గూట్లో అంత చిక్కటి ఫిల్టరు పెడితే, అందుకు తగ్గ మెషీను కాకపోతే, ఫ్యాను పరిస్థితి స్ట్రాతో రాగిజావ తాగినట్టు ఉంటుంది. నాలుగు అంగుళాల మందం ఫిల్టరైతే మడతలు లోతుగా ఉండి గాలికి చోటు ఎక్కువ కాబట్టి అదే మెర్వ్ 13ని సుఖంగా మోస్తుందట. దానికి గూడు మార్పించాలి. అది ఖర్చు. అందుకని నేను పక్కింటి వాళ్లు వద్దని ఇచ్చిన మెర్వ్ 8 ముందు, నా 13 వెనక, రెండూ నొక్కి పెట్టాను. ఎనిమిదీ పదమూడూ ఇరవై ఒకటి. ఫ్రిస్కోలో మెర్వ్ 21 ఉన్న ఇల్లు మాదొక్కటే అయి ఉంటుంది.

ఫిల్టరు అంచు మీద బాణం గుర్తుంటుంది. గాలి వెళ్లే దిక్కుకి, అంటే జాలీ నుంచి మెషీను వైపుకి బాణం చూడాలంటారు. ఆ వైపున ఉన్న తీగల వల మడతలు లోపలికి వంగకుండా కాస్తుంది. ఎప్పుడూ అలాగే పెట్టడమంటే ఫిల్టర్ని ఒంటివైపు కాల్చిన దోసె చేయడమే. నెలకోసారి తిప్పి పెట్టండి, రెండు వైపులా కాలుతుంది. తిప్పగానే నెల రోజుల దుమ్ము అంతా అటువైపు మెషీనులోకి ఎగిరిపోయి ఫిల్టరు కొత్తదానిలా అవుతుంది. కొనాల్సిన పనేముంది?

కడగడం గురించి చెప్పేముందు మా నాన్నగారి గురించి చెప్పాలి. బెజవాడ సత్యనారాయణపురంలో ఆయన స్ప్లిట్ ఏసీకి పదకొండేళ్లు. రెండు ఆదివారాలకోసారి స్టూలెక్కుతారు. ముందు మూత ఎత్తి, ప్లాస్టిక్ జాలీలు రెండూ లాగి, పంపు కింద పాత టూత్‌బ్రష్‌తో తోముతారు. బూడిదరంగు నీళ్లు పోయి తేటనీళ్లు వచ్చేదాకా తోమి, నీడలో ఆరబెట్టి, తడి లేదని చెంపకి ఆనించి చూసుకుని మరీ పెడతారు. పైసా ఖర్చు లేదు.

పోయిన వేసవి అమ్మా నాన్నా ఆరు నెలలకి వచ్చారు. ఫిల్టరు పారేస్తుంటే నాన్నగారు చెత్తబుట్టలోంచి తీశారు.

"ఇదేంట్రా, నిక్షేపంలా ఉంది."

"ఇక్కడివి మార్చాలి నాన్నా, కడిగేవి కావు."

"కడగడానికి బద్ధకమని చెప్పు."

ఇద్దరం బ్యాక్‌యార్డులో గోడకి ఆనించి పైపుతో కొట్టాం. ఈ మడతల గుడ్డకి తయారీలోనే స్థిర విద్యుత్తు ఎక్కించి ఉంచుతారు, సన్నటి దుమ్ము అంటుకునేది దాని వల్లే. నీళ్లతో కడిగితే ఆ బలం తగ్గిపోతుంది. అది మాకు కనిపించే విషయం కాదు. కనిపించిందల్లా మడతలు తీగల నుంచి ఊడి, నానిన అప్పడంలా వేలాడటం. అమ్మ వడియాల ప్లాస్టిక్ షీటు మీద దాన్నీ ఓ పక్కకి ఆరేసింది. 105 డిగ్రీల ఎండ, మన లెక్కలో నలభై దాటినట్టే, పైన ఎండిపోయింది. మడతల లోపల తడి ఉందేమో చెంపకి ఆనించి చూడాలన్నది ఇద్దరికీ తోచలేదు. మర్నాటికి ఇల్లంతా తడిసిన కుక్క వాసన. మా ఇంట్లో కుక్క లేదు.

వంట విషయంలో మాత్రం ఏమీ మార్చుకోకండి. మా పొయ్యి మీద ఉన్న మైక్రోవేవే పొగ లాగే ఫ్యాను కూడా. చాలా ఇళ్లలో అది పొగని బయటికి పంపదు, కింద నుంచి లాగి నెత్తి మీంచి మళ్లీ మనకే వదులుతుంది. కాబట్టి అమ్మ వేసే ఎండుమిర్చి, ఇంగువ తాలింపు నూనె ఆవిరితో సహా తిన్నగా హాల్లోకి, అక్కణ్ణించి జాలీలోకి వెళ్తుంది. ఆ జాలీ పక్కనే కోట్లు తగిలించుకునే చిన్న అర, అంటే మా పూజ గది. శుక్రవారం సాంబ్రాణి వేస్తే పొగ పైకి లేవదు. అడ్డంగా తిరిగి, ఎవరో పిలిచినట్టు జాలీ వైపు నడిచిపోతుంది. దేవుడి కన్నా ముందు ధూపం అందుకునే ఫిల్టరుకి మూడు నెలల ఆయుష్షే అంటే నమ్మశక్యమా? పొగ, పిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇళ్లలో నెలా రెండు నెలలకే చూసుకోమనే వాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు తాలింపు తినరు.

పెట్టిన తేదీ అంచు మీద మార్కరుతో రాయకండి. రాస్తే గుర్తుంటుంది. తీసేసిన పాతవి పారేయకండి కూడా. (2020లో కరోనా రోజుల్లో నాలుగు మెర్వ్ 13 ఫిల్టర్లని పెట్టెలా నిలబెట్టి, పైన ఫ్యాను పడుకోబెట్టి, టేపు చుడితే గాలి శుభ్రమయ్యే ఉపాయం ఒకటి వచ్చింది. కోర్సీ రోజెంతాల్ పెట్టె అంటారు. ఆ రోజెంతాల్ మా టెక్సాస్ ఫిల్టర్ల వ్యాపారే. నేను తీసేసిన పాత ఫిల్టర్లతో ఒకటి కట్టాను. గది మధ్యలో దుమ్ముకి ఇంకో పుట్టిల్లు ఏర్పడింది.)

జులైలో ఒకరోజు ఏసీ నడుస్తోంది కానీ చల్లగా లేదు. ఇలాంటప్పుడు థర్మోస్టాట్ 74 నుంచి 68కి తగ్గించండి. నేను తగ్గించాను. గంటకి 65. గాలి చాలినంత అందకపోతే లోపలి కాయిల్ మీద తేమ గడ్డకడుతుంది, కట్టిన మంచు గాలిని ఇంకా ఆపుతుంది, మనం తగ్గించిన కొద్దీ అది పెరుగుతుంది. కూలింగ్ ఆపేసి ఒక్క ఫ్యాను నడపాలట, మంచు కరుగుతుందట. అది నాకు చెప్పినవాడు మర్నాడు వచ్చాడు. ఆలోపు సగం మంచు దానంతటదే కరిగి, కింద పళ్లెం నిండి, సూట్‌కేసులు పెట్టుకునే గది సీలింగులో పళ్లెమంత గోధుమరంగు మరక, దాని నడుమ ఒక బొట్టు. చూస్తుంటే పడదు. తల తిప్పితే పడుతుంది.

టెక్నీషియన్ కుర్రాడు అటిక్‌కి పోకముందే హాల్లో జాలీ తెరిచాడు. ఫిల్టరు బయటికి రాలేదు. మధ్యలో లోపలికి పొంగి, పాలమీగడలా వంగి ఉంది. రెండు చేతులతో లాగాడు. మెర్వ్ 21 బయటపడింది. బూడిదరంగు నూలు దుప్పటి లాంటి పొర, మధ్యలో పిల్లల రబ్బరు బ్యాండు, ఒక కరివేపాకు. వాసన చూశాడు. ఇంగువ వాసన అతనికి తెలియదు కాబట్టి ఏదో వైరు కాలిందని మెషీనంతా వెతికాడు. చలికాలంలోనూ ఇలాగే ఉంటే ఫర్నెస్ వేడెక్కి, రక్షణ స్విచ్ పడిపోయి, మంట మధ్యమధ్యలో ఆగిపోతుందన్నాడు. పోయిన జనవరిలో ఆగింది నిజమే. గ్యాసు ఆదా అవుతోందని నేను సంతోషించాను.

ఫోటో తీసుకున్నాడు. ట్రైనింగులో చూపించుకోవడానికట. బిల్లు ఇచ్చాడు. పదేళ్ల ఫిల్టర్ల డబ్బు ఒక్క మధ్యాహ్నం.

వెళ్తూ వెళ్తూ, "మేడ మీది ఫిల్టరు మార్చారా?" అన్నాడు.

"మేడ మీదిదా?"

"మీకు రెండు మెషీన్లు కదా సార్."

నాన్నగారు నిచ్చెన పట్టుకున్నారు. పై వరండా సీలింగులో జాలీ ఉంది. ఆరేళ్లుగా దాన్ని స్పీకరనుకున్నాను. తెరిచి చూస్తే లోపల ఒక నీలం ఫైబర్‌గ్లాస్ ముక్క, నీలం అని అంచుల దగ్గరే తెలుస్తోంది. అట్ట మీద పెన్సిల్‌తో ఇల్లు కట్టిన ఏడాది రాసి ఉంది. ఇంటితో పాటు వచ్చిన వస్తువు, తీస్తే వాస్తు ఏమవుతుందోనని మళ్లీ మూసేశాను.